జోబర్గ్ నుంచి విక్టోరియా ఫాల్స్‌కి బోట్స్వానా మీదుగా సొంత కారులో: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో జోబర్గ్ (జోహన్నెస్‌బర్గ్) చుట్టుపక్కల మిడ్‌రాండ్, సెంచూరియన్, ప్రిటోరియా వైపు ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న తెలుగు కుటుంబాలు స్కూలు సెలవులు దగ్గరపడగానే ఈ ప్రయాణం గురించి అడగడం మొదలుపెడతాయి. దారి ఎలా ఉంటుందన్న భయమే అందరికీ ముందు వస్తుంది. నిజానికి దారి మంచిదే. ఇబ్బంది పెట్టేవి రెండే: సరిగ్గా చూసుకోని కాగితాలు, చీకటి పడ్డాక చేసే డ్రైవింగ్. అందుకే కింద వాటి గురించే ఎక్కువగా రాశాను.

మొత్తం ఎంత దూరం? ఏ దారిలో వెళ్లాలి?

జోబర్గ్ నుంచి బోట్స్వానా ఉత్తరపు కొసన ఉన్న కసానె ఊరికి 1,100 నుంచి 1,200 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి జింబాబ్వే, జాంబియా సరిహద్దులో ఉన్న జలపాతం ఇంకో 80 కిలోమీటర్ల లోపే. ఎన్1 హైవే మీద ప్రిటోరియా దాటి మొకొపానె దాకా వెళ్లి, అక్కడ ఎడమకు ఎన్11 పట్టుకుంటే గ్రొబ్లర్స్‌బ్రూగ్ బోర్డర్ వస్తుంది. లింపోపో నది దాటగానే అవతలి గట్టున ఉన్న బోట్స్వానా బోర్డర్ పేరు మార్టిన్స్ డ్రిఫ్ట్. అక్కడి నుంచి పాలాప్యే, ఫ్రాన్సిస్‌టౌన్, నాటా, కసానె. మొత్తం తారు రోడ్డే. ఎన్1 మీద టోల్ గేట్లు తగులుతాయి, కార్డు సిద్ధంగా పెట్టుకోండి. జోబర్గ్, ప్రిటోరియా ఉన్న గౌటెంగ్ రాష్ట్రంలోని ఈ-టోల్ (ఎలక్ట్రానిక్ టోల్) 2024 ఏప్రిల్‌లో ఎత్తేశారు కాబట్టి ఆ లెక్క ఇక లేదు.

బైట్‌బ్రిడ్జ్ మీదుగా జింబాబ్వేలోంచి వెళ్తే తక్కువ దూరం కదా?

కిలోమీటర్లలో పెద్ద తేడా లేదు. తేడా అంతా బోర్డర్ దగ్గర కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, లెసోతో, ఎస్వతీని దేశాలు 1910 నాటి కస్టమ్స్ యూనియన్‌లో ఉన్నాయి. అందుకే దక్షిణాఫ్రికా రిజిస్ట్రేషన్ ఉన్న కారును బోట్స్వానాలోకి తీసుకెళ్లడం చాలా తేలిక. జింబాబ్వే, జాంబియా ఆ యూనియన్‌లో లేవు. అక్కడ మీ కారు తాత్కాలిక దిగుమతి కింద లెక్క. దానికి వేరే పర్మిట్, కార్బన్ టాక్స్, రోడ్డు ఫీజు, ఇన్సూరెన్స్... కౌంటర్ తర్వాత కౌంటర్. పైగా బైట్‌బ్రిడ్జ్ ఈ ప్రాంతంలో ఎక్కువ రద్దీ ఉండే బోర్డర్లలో ఒకటి. ఈస్టర్‌కీ, డిసెంబర్ మధ్యలో ఊళ్లకు వెళ్లేవాళ్ల సీజన్‌లోనూ అక్కడ క్యూలు గంటల తరబడి కదలవు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబం మొదటిసారి వెళ్తుంటే బోట్స్వానా దారే పట్టుకోమని నా గట్టి సలహా.

పొద్దున్నే బయలుదేరితే ఒక్క రోజులో కసానె చేరలేమా?

చేరిన వాళ్లున్నారు. కానీ మీరు ఆ పని చేయొద్దు.

లెక్క చూడండి. ఆగకుండా నడిపినా పన్నెండు, పదమూడు గంటలు. బోర్డర్, భోజనం, పెట్రోల్ కలిపితే పదిహేను దాటుతుంది. జూన్, జులైలలో ఇక్కడ పగటి వెలుతురు పదిన్నర, పదకొండు గంటలకు మించి ఉండదు. అంటే నాటా నుంచి కసానె దాకా ఉన్న 300 కిలోమీటర్లు చీకట్లోనే వెళ్లాల్సి వస్తుంది. అక్కడ రోడ్డుకు కంచె లేదు, లైట్లు లేవు. ఏనుగులు అడ్డంగా దాటుతాయి. ఏనుగు ఒళ్లు బూడిద రంగు, దాని కళ్లు హెడ్‌లైట్‌కు పిల్లి కళ్లలా మెరవవు. నూట ఇరవైలో వెళ్తుంటే అది కనిపించేసరికి బ్రేక్ వేసే దూరం మిగలదు. దక్షిణాన పాలాప్యే, ఫ్రాన్సిస్‌టౌన్ మధ్య గాడిదలు, ఆవులు, మేకలు రాత్రిపూట రోడ్డు మీదే నిలబడతాయి. రాత్రి చలికి తారు వెచ్చగా ఉంటుందని అక్కడికే చేరతాయి.

రెండు రోజుల ప్లాన్ ఇలా పెట్టుకోండి. తెల్లవారుజామున అయిదుకు బయలుదేరండి. ఎన్1 మీద ఆ చీకటి పెద్ద ఇబ్బంది కాదు. పది లోపు బోర్డర్, మధ్యాహ్నం మూడు లోపు ఫ్రాన్సిస్‌టౌన్. రాత్రి అక్కడే నిద్ర. మర్నాడు ఏడుకు బయలుదేరితే పదికల్లా నాటా, మధ్యాహ్న భోజనం వేళ దాటేసరికి కసానె. తిరుగు ప్రయాణం కూడా ఇంతే. "సోమవారం ఆఫీసు ఉంది" అని తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి మిగుల్చుకోవాలని చూసేవాళ్లే ఎక్కువ. ఇంకో రోజు సెలవు అడగండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఏ వీసాలు కావాలి?

దక్షిణాఫ్రికా పాస్‌పోర్ట్ ఉన్న మీ పక్కింటివాళ్లు, ఆఫీసు స్నేహితులు "బోట్స్వానాకు వీసా ఏమిటి, నేరుగా వెళ్లిపోవచ్చు" అంటారు. వాళ్లకు అది నిజమే, మనకు కాదు. బోట్స్వానా ఈ-వీసాకు ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్, దక్షిణాఫ్రికాలో మీకున్న పర్మిట్ కాపీ అడుగుతారు. కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. కసానె నుంచి విక్టోరియా ఫాల్స్‌కి వెళ్లి సాయంత్రం తిరిగొస్తే, మీరు బోట్స్వానాలోకి రెండోసారి అడుగుపెట్టినట్టు లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా అయితే పొద్దున బయటికెళ్లినప్పుడే దాని పని అయిపోయింది. కాబట్టి అప్లికేషన్‌లో మల్టిపుల్ ఎంట్రీ అడగండి, వీసా వచ్చాక అందులో ఏం రాసుందో చదవండి. జాంబియా, జింబాబ్వే రెండిటికీ కలిపి ఇచ్చే కాజా యూనివీసా అనేది ఒకటుంది. 50 డాలర్లు, 30 రోజులు చెల్లుతుంది, కసానె పక్కనున్న కజుంగులా బోర్డర్ మీదుగా ఒక్కరోజు బోట్స్వానా వెళ్లి రావడానికి కూడా వీలిస్తుంది. అది మీ పాస్‌పోర్ట్‌కు ఇస్తున్నారా, ఏ బోర్డర్‌లో ఇస్తున్నారు అన్నది వెళ్లే నెలలో ఆ దేశాల ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్లలో చూసుకోండి. రెండేళ్ల కిందట వెళ్లొచ్చిన వాళ్ల మాట మీద ఆధారపడొద్దు, ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి.

పాస్‌పోర్ట్‌లో ఖాళీ పేజీలు లెక్కపెట్టుకోండి. మూడు దేశాల్లోకి వెళ్లడం, రావడం అంటే స్టాంపులు చాలా పడతాయి.

హైదరాబాద్ నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లను కూడా తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, వాళ్లకు ఇంతకన్నా మంచి యాత్ర ఉండదు. కానీ ముందు వాళ్ల దక్షిణాఫ్రికా విజిటర్ వీసా తీసి, ఎన్ని ఎంట్రీలు అని రాసి ఉందో చూడండి. సింగిల్ ఎంట్రీ అని ఉంటే లింపోపో దాటిన క్షణంలో ఆ వీసా అయిపోయినట్టే. తిరిగి మీ ఇంటికి రావడానికి కొత్త వీసా కావాలి, దాన్ని బోర్డర్‌లో ఇవ్వరు. సామాన్లన్నీ మీ ఇంట్లో, రిటర్న్ టికెట్ జోబర్గ్ నుంచి, పెద్దవాళ్లు మాత్రం బోట్స్వానాలో. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

అందుకే అత్తమామలకో అమ్మానాన్నకో ఇండియాలో వీసా అప్లై చేసేటప్పుడే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. పక్క దేశాలకు వెళ్లే ఆలోచన ఉందని కవరింగ్ లెటర్‌లో రాయండి. ఇప్పటికే సింగిల్ ఎంట్రీతో వచ్చి ఉంటే దక్షిణాఫ్రికా లోపలే తిరగండి. క్రూగర్ పార్క్ ఉంది, కేప్ టౌన్ ఉంది.

పెద్దవాళ్ల మందులు ఒరిజినల్ ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి. రోజుకు ఆరేడు గంటల కారు ప్రయాణం వాళ్ల మోకాళ్లకు కష్టం, గంటన్నరకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి.

మా వర్క్ వీసా రెన్యూవల్‌లో ఉంది. వెళ్లి రావచ్చా?

వీసా గడువు తీరిపోయి, చేతిలో అప్లికేషన్ రసీదు మాత్రమే ఉంటే వెళ్లొద్దనే చెబుతాను. గడువు దాటి ఉండి దేశం విడిచినవాళ్లను దక్షిణాఫ్రికా 'అవాంఛితులు'గా ప్రకటించవచ్చు. ఓవర్‌స్టే 30 రోజుల లోపు అయితే మామూలుగా ఏడాది, 30 రోజులు దాటితే ఐదేళ్లు మళ్లీ రానివ్వరు. పెండింగ్ అప్లికేషన్లు ఉన్నవాళ్లకు హోం అఫైర్స్ శాఖ అప్పుడప్పుడు మినహాయింపులు ప్రకటిస్తుంది. వాటికి తేదీలుంటాయి, షరతులుంటాయి, అవి అన్ని రకాల వీసాలకూ వర్తించవు. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా వాటి మీద భరోసా పెట్టుకుని బోర్డర్‌కు వెళ్లకండి. జలపాతం వచ్చే ఏడాదీ ఉంటుంది. ఉద్యోగం, పిల్లల స్కూలు మధ్యలో ఆగిపోతే ఇల్లంతా తలకిందులవుతుంది.

పిల్లలకు పాస్‌పోర్ట్, వీసా చాలవా?

చాలవు. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పూర్తి బర్త్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. పిల్లల అక్రమ రవాణాను ఆపడానికి దక్షిణాఫ్రికా 2015లో, బోట్స్వానా 2016లో ఈ నిబంధన పెట్టాయి. తర్వాత దక్షిణాఫ్రికా కొంత సడలించింది గానీ, కాగితం అడిగే అధికారులు ఇప్పటికీ ఉన్నారు. మన మునిసిపాలిటీ సర్టిఫికెట్ తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లో ఉంటే సరిపోతుంది. సర్టిఫికెట్‌లో పిల్లల పేరు, ఇంటిపేరు పాస్‌పోర్ట్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రావడం మామూలే. తేడా ఉంటే ముందే అఫిడవిట్ చేయించుకోండి.

తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే, రెండోవారు సంతకం చేసి ప్రమాణం చేసిన సమ్మతి పత్రం, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ కావాలి. స్నేహితుల పిల్లలను వెంట తీసుకెళ్తుంటే ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలూ కావాలి. పోలీస్ స్టేషన్‌లో కమిషనర్ ఆఫ్ ఓత్స్ (ప్రమాణ పత్రాలను ధ్రువీకరించే అధికారి) ముద్ర ఉచితంగానే వేస్తారు.

కారుకు ఏ కాగితాలు?

కారు మీ పేరు మీదే ఉండి లోన్ తీరిపోయి ఉంటే రిజిస్ట్రేషన్ కాగితం ఒరిజినల్, దాని సర్టిఫైడ్ కాపీ చాలు. లోన్ నడుస్తుంటే అసలు యజమాని బ్యాంకే. దేశం దాటించడానికి అనుమతిస్తున్నట్టు బ్యాంకు నుంచి ఉత్తరం తీసుకోవాలి. అందులో కారు నంబర్, ఇంజిన్ నంబర్, వెళ్లే దేశాల పేర్లు, తేదీలు ఉండాలి. జాంబియా, జింబాబ్వేలలోకి కారుతో వెళ్లకపోయినా ఆ పేర్లు కూడా రాయించుకోండి. మధ్యలో మనసు మారితే పనికొస్తుంది. కంపెనీ కారు అయితే కంపెనీ లెటర్‌హెడ్ మీద అదే ఉత్తరం.

అద్దె కారు అయితే బుక్ చేసేటప్పుడే బోర్డర్ దాటుతామని చెప్పి, అదనపు ఫీజు కట్టి, అనుమతి పత్రం తీసుకోవాలి. కౌంటర్‌లో చివరి నిమిషంలో అడిగితే దొరకదు.

మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఏ దేశాల్లో కవర్ ఉంటుంది, కారు పాడైతే వెనక్కి తెప్పించే ఖర్చు ఎవరిది అని అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. వెనక అద్దానికి దక్షిణాఫ్రికా కారు అని తెలిపే జెడ్‌ఏ స్టిక్కర్ అతికించండి. రెండు ఎర్ర త్రికోణాలు, రిఫ్లెక్టర్ జాకెట్, గాలి నింపిన స్టెప్నీ, జాకీ ఉండాలి.

ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ పనికొస్తుందా?

దాంతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంచుకోండి. ఇండియాలో ఆర్‌టీఓ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ఇక్కడి లైసెన్స్‌కు మార్చుకుని ఉంటే ఇంకా మంచిది. ఈ దేశాలన్నిటిలో మనలాగే ఎడమ పక్కనే నడపడం, కాబట్టి చేతికి కొత్తేమీ కాదు.

బోర్డర్ దగ్గర ఏం జరుగుతుంది?

ఎన్11 మీద బోర్డర్ దగ్గర పడేసరికి లారీల వరుస కనిపిస్తుంది, కొన్నిసార్లు కిలోమీటర్ల పొడవున. దాని వెనక ఆగకండి. అది సరుకు లారీల క్యూ. ఎదురుగా వచ్చే వాహనాలను చూసుకుంటూ పక్కనుంచి నెమ్మదిగా ముందుకు వెళ్తే కార్ల పార్కింగ్ వస్తుంది. ఇది తెలియక లారీల వెనకే గంటసేపు నిలబడే కుటుంబాలు ఉన్నాయి.

దక్షిణాఫ్రికా వైపు ఇమ్మిగ్రేషన్ స్టాంపు వేయించుకోవాలి. ఖరీదైన కెమెరా, ల్యాప్‌టాప్ ఉంటే కస్టమ్స్‌లో నమోదు చేయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్నవా అన్న ప్రశ్న రాదు. వంతెన దాటాక బోట్స్వానా వైపు మొదట ఇమ్మిగ్రేషన్, తర్వాత రెవెన్యూ కౌంటర్‌లో రోడ్డు పర్మిట్, రోడ్ ఫండ్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ డబ్బు కట్టాలి. కార్డు తీసుకుంటారు, కానీ మెషీన్ పని చేయని రోజులుంటాయి కనుక కొంత పూలా (బోట్స్వానా కరెన్సీ) నగదు ముందే మార్చుకుని పెట్టుకోండి. ఆ రసీదులు తిరిగి వచ్చేదాకా పారేయొద్దు.

లోపలికి వెళ్లగానే అధికారితో "దుమేలా రా" అనండి, ఆవిడైతే "దుమేలా మా". బోట్స్వానాలో పలకరించకుండా పని అడగడం మర్యాద కాదు. టోపీ, కూలింగ్ గ్లాసులు తీసేసి, పాస్‌పోర్ట్‌లు కవర్లలోంచి బయటికి తీసి, కుటుంబమంతా కౌంటర్ ముందుకు వెళ్లండి. బోర్డర్ ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండదు. మామూలుగా పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. బయలుదేరే ముందు రోజు మళ్లీ చూసుకోండి.

"నేను చేయిస్తాను, పాస్‌పోర్ట్‌లు ఇవ్వండి" అని ఎవరైనా దగ్గరికొస్తే మర్యాదగా వద్దనండి. జింబాబ్వే, జాంబియా బోర్డర్లలో ఇలాంటివాళ్లు ఎక్కువ. యూనిఫాం వేసుకుని కౌంటర్ లోపల కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ పాస్‌పోర్ట్ ఇవ్వకండి.

దారిలో తినడానికి ఏం తీసుకెళ్లొచ్చు?

పులిహోర, చపాతీలు, కారప్పూస, పొడులు, పచ్చళ్లు, బియ్యం, కందిపప్పు... వీటితో మామూలుగా గొడవ లేదు. పచ్చి మాంసం, పాలు, పెరుగు, గుడ్లు మాత్రం వద్దు. బోట్స్వానా దేశానికి గొడ్డుమాంసం ఎగుమతి పెద్ద ఆదాయం. గాలికుంటు రోగం, అంటే పశువుల నోటికీ గిట్టలకూ వచ్చే జబ్బు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకితే ఆ ఎగుమతులు ఆగిపోతాయి. అందుకే దేశమంతటా అడ్డంగా కంచెలు వేసి గేట్లు పెట్టారు. ఫ్రాన్సిస్‌టౌన్, నాటా మధ్య డుక్వీ దగ్గర అలాంటి గేటు వస్తుంది. దిగి మందునీళ్లలో తడిసిన చాప మీద చెప్పులతో నడవమంటారు, కారు టైర్లు కూడా ఆ నీళ్లలోంచే వెళ్లాలి. డిక్కీలో ఉన్న మిగతా చెప్పులు, బూట్లు కూడా తెమ్మంటే విసుక్కోకుండా ఇవ్వండి. అక్కడి పశువుల కాపర్ల బతుకు దాని మీదే ఉంది. ఉత్తరం నుంచి తిరిగొచ్చేటప్పుడు ఈ తనిఖీ ఇంకా గట్టిగా ఉంటుంది. కసానెలో కొన్న మాంసం అక్కడే వండుకుని తినేయండి.

కూరగాయల సంగతి వేరు. స్థానిక రైతుల కోసం బోట్స్వానా 2022 నుంచి కొన్ని కూరగాయల దిగుమతి ఆపింది, ఆ జాబితా తర్వాత మారుతూ వచ్చింది. ఉల్లిపాయలు, టమాటాలు మూట కట్టుకుని వెళ్లే బదులు ఫ్రాన్సిస్‌టౌన్‌లో కొనుక్కోవడమే మేలు. చాపీస్, స్పార్ సూపర్‌మార్కెట్లలో బియ్యం, పప్పులు, పెరుగు అన్నీ దొరుకుతాయి. కసానెలో వంటగది ఉన్న కాటేజీ తీసుకుని చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుంటే శాకాహారులకు ఏ బెంగా లేదు. హోటళ్లలో శాకాహారం అంటే చాలాచోట్ల చిప్స్, సలాడ్ దగ్గరే ఆగిపోతుంది.

స్పీడ్ లిమిట్లు, పోలీసులు?

ఊరి బయట 120, ఊళ్లో 60. మధ్యలో 80 బోర్డు కూడా వస్తుంది. ఊరు దాటినట్టే కనిపించినా 120 బోర్డు వచ్చేదాకా 60లోనే ఉండండి. స్పీడ్ కెమెరాలు సరిగ్గా ఆ చివరి అర కిలోమీటరులోనే ఉంటాయి. ఫైన్ పడితే వాదించకుండా కట్టి రసీదు తీసుకోండి.

పెట్రోల్ ఎక్కడ నింపాలి?

పాలాప్యే, ఫ్రాన్సిస్‌టౌన్, నాటా. నాటాలో ట్యాంకు సగం ఉన్నా ఫుల్ చేయించండి. ఆ తర్వాత కసానె దాకా 300 కిలోమీటర్లలో నమ్మదగ్గ బంకు లేదు. పండమటెంగాలో ఒకటి ఉంది గానీ అక్కడ స్టాకు లేని రోజులూ ఉంటాయి. మనిషికి కనీసం ఐదు లీటర్ల నీళ్లు కారులో ఉంచుకోండి. కారు ఆగిపోతే నీడ కూడా దొరకని చోట్లున్నాయి.

ఏనుగు రోడ్డు మీదకు వస్తే ఏం చేయాలి?

నాటా దాటాక ఇది తప్పకుండా ఎదురయ్యేదే అనుకుని ఉండండి. ప్రపంచంలో ఏ దేశంలోనూ లేనన్ని ఏనుగులు బోట్స్వానాలో ఉన్నాయి. ఐదు దేశాల్లో కలిపి 2022లో విమానాల మీద నుంచి చేసిన లెక్కలో దాదాపు 2,28,000 ఏనుగులు తేలితే, వాటిలో సుమారు 1,32,000 బోట్స్వానాలోనివే.

వంద మీటర్ల దూరంలోనే ఆగండి. ఇంజిన్ ఆపొద్దు. హారన్ కొట్టొద్దు, లైట్లు ఆర్పి వెలిగించొద్దు, ఫొటో కోసం దిగొద్దు. మొదటి ఏనుగు దాటగానే గేరు వేయకండి. వెనక పిల్ల ఉంటుంది, దాని వెనక ఇంకో రెండు ఉంటాయి. తల్లికీ పిల్లకూ మధ్యలో కారు వెళ్తే ఆ తల్లి ఊరుకోదు. చెవులు విప్పి మీవైపు తిరిగి నిలబడితే మెల్లగా రివర్స్ చేయండి, అందుకే వెనక బండికి దూరంగా ఆగడం అలవాటు చేసుకోవాలి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, కిటికీలు దించి అరవకుండా ఉంటారు.

ఆ అయిదు, పది నిమిషాలు ఆగడాన్ని ఆలస్యం అనుకోకండి. ఎవరి దారిలోకి ఎవరు వచ్చారో అక్కడ కూర్చుని చూస్తే అర్థమవుతుంది. రోడ్డు రాకముందు నుంచీ అవి నీటికోసం అటే నడుస్తున్నాయి.

మామూలు సెడాన్ కారు సరిపోతుందా?

కసానె దాకా సరిపోతుంది. నాటాకు ఉత్తరాన వానల తర్వాత గుంతలు పడుతుంటాయి, కనుక చూసుకుంటూ నడపండి. చోబే నేషనల్ పార్క్ లోపల మాత్రం లోతైన ఇసుక. అక్కడికి సొంత సెడాన్‌తో వెళ్లొద్దు, లాడ్జీల ఓపెన్ జీపులో గైడ్‌తో వెళ్లండి. గైడ్ చూపించే వాటిలో సగం కూడా మన కంటికి ఆనవు.

కసానెలో ఏం చూడాలి?

కనీసం రెండు రాత్రులు ఉండండి. మధ్యాహ్నం మూడు గంటల బోటు సఫారీ అన్నిటికన్నా ముఖ్యం. వానల్లేని నెలల్లో, అంటే ఇక్కడ జూన్ నుంచి అక్టోబర్ దాకా, లోపలి నీటిగుంటలు ఎండిపోయి మందలన్నీ చోబే నదికి వస్తాయి. ఏనుగులు తొండాలు పైకెత్తుకుని నది ఈదుతూ అవతలి లంకకు వెళ్తుంటే పడవ పక్కనే ఆపుతారు. ఆ లంక పేరు సెదుదు. దాని కోసం బోట్స్వానా, నమీబియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లాయి. 1999లో అది బోట్స్వానాదే అని తీర్పు వచ్చింది. రెండు దేశాలూ ఒక్క తూటా పేలకుండా కోర్టు మాట విన్నాయి. మా పిల్లలకు ఏనుగులతో పాటు ఈ సంగతీ చెప్పాను.

పొద్దుటి జీపు సఫారీకి స్వెటర్లు, మంకీ క్యాప్‌లు తప్పనిసరి. ఓపెన్ జీపులో జులై గాలి కోసేస్తుంది.

జలపాతానికి మన కారే తీసుకెళ్లాలా?

వద్దు. కారు కసానె లాడ్జిలో వదిలి, టూర్ వాళ్ల వ్యానులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రండి. కారు లేని మనిషికి బోర్డర్‌లో పాస్‌పోర్ట్ స్టాంపు ఒక్కటే పని. కారు ఉంటే పైన చెప్పిన పర్మిట్లన్నీ ఒక్క రోజు కోసం కట్టాలి. అవతల మూడు, నాలుగు రోజులు ఉంటేనే సొంత కారుకు అర్థం ఉంది.

జింబాబ్వే వైపు నుంచి జలపాతం ఎక్కువ భాగం ఎదురుగా కనిపిస్తుంది, జాంబియా వైపు నుంచి దాని అంచుకు దగ్గరగా వెళ్లొచ్చు. 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల ఎత్తు. ఒక్క వైపే చూడగలిగితే జింబాబ్వే వైపు చూడండి.

జాంబియాకు వెళ్లేవాళ్లు కజుంగులా వంతెన దాటుతారు. బోట్స్వానా, జాంబియా మధ్య సరిహద్దు 150 మీటర్లు మాత్రమే. నాలుగు దేశాలు దాదాపు ఒకే చోట కలిసే ఆ జాంబెజి నది మీద పూర్వం పంట్లు మాత్రమే ఉండేవి, లారీ డ్రైవర్లు రోజుల తరబడి గట్టు మీదే వంట చేసుకుని పడుకునేవారు. 2021 మే 10న 923 మీటర్ల వంతెన ప్రారంభమైంది. జింబాబ్వే భూభాగం తగలకుండా ఉండాలని దాన్ని వంపు తిప్పి కట్టారు. ఇప్పుడు రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ ఒకే భవనంలో అయిపోతుంది.

ఏ నెల మంచిది?

జలపాతం నిండుగా ఉండేది మార్చి నుంచి మే దాకా. ఏప్రిల్‌లో తుంపర ఎంత లేస్తుందంటే ఎదురుగా నిలబడినా నీటి గోడ సరిగా కనిపించదు, బట్టలన్నీ తడిసిపోతాయి. అక్టోబర్, నవంబర్‌లలో జాంబియా వైపు చాలా భాగం ఎండిన రాయి కనిపిస్తుంది, ఎండ నలభైకి చేరుతుంది. జంతువులూ జలపాతమూ రెండూ కావాలంటే జులై, ఆగస్టు. సెలవుల్లో గదులు త్వరగా నిండిపోతాయి.

డబ్బు, ఫోను?

బోట్స్వానాలో పూలా, జాంబియాలో క్వాచా, జింబాబ్వేలో చిన్న నోట్లలో అమెరికన్ డాలర్లు. చిరిగిన, గీతలున్న డాలర్ నోట్లు తీసుకోరు. బోట్స్వానా సిమ్ బోర్డర్ దాటాక మొదటి పెద్ద ఊళ్లో పాస్‌పోర్ట్ చూపించి తీసుకోండి. నాటా తర్వాత సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బోట్స్వానాలో అంబులెన్స్‌కు 997, పోలీసులకు 999.

మలేరియా భయం ఉందా?

జోబర్గ్‌లో లేదు గానీ కసానె, చోబే, విక్టోరియా ఫాల్స్ మలేరియా ప్రాంతాలు. వానల నెలల్లో ఎక్కువ, చలికాలంలో తక్కువ, ఏ కాలంలోనూ అసలే ఉండదని మాత్రం అనుకోవద్దు. ట్రావెల్ క్లినిక్‌కు రెండు మూడు వారాల ముందే వెళ్లి మాత్రలు రాయించుకోండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లకు ఏ మాత్ర సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. కొన్ని మాత్రలు తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, ఇంటికొచ్చాం కదా అని మధ్యలో ఆపకండి. సాయంత్రం పూట పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు, దోమతెర వాడండి.

తిరిగొచ్చిన నెలా రెండు నెలల్లో ఎవరికైనా జ్వరం వస్తే ఫ్లూ అనుకుని ఇంట్లో పారాసెటమాల్‌తో సరిపెట్టొద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి, అడగకపోయినా మీరే "చోబే వెళ్లొచ్చాం, మలేరియా టెస్ట్ చేయండి" అని చెప్పండి. మొదటి టెస్ట్ నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. ఈలోగా అమ్మానాన్న ఇండియా తిరిగి వెళ్లిపోయి ఉంటే, వాళ్లను చూసే అక్కడి డాక్టర్‌కు కూడా ఈ మాట చెప్పమనండి.